మేకు దిగిన మేజోడు

పోర్ట్‌లాండ్, నవంబరు 9

కొరిన్ అక్కా,

ఇది చదివాక నీ మరిది డేల్‌కి ఫోన్ చెయ్యనని ముందే మాటివ్వు.

ఈ చలివానల్లో సైకిలు మీద లైబ్రరీకి వెళ్తున్నానని ఆయన నాకు నీళ్లు దిగని ఉన్ని మేజోళ్లు కొన్నాడు. మూడు వారాలు చుక్క దిగలేదు. సోమవారం లైబ్రరీలో పనికి చేరి విప్పితే కుడి మేజోడులోంచి గ్లాసుడు నీళ్లు కారాయి. కాస్త ఎర్రగా ఉంటే బూటు రంగు దిగిందనుకున్నాను. మర్నాడూ అంతే. బుధవారం ఆ మేజోడు పట్టుకుని కొట్టుకి పోట్లాటకి వెళ్లాను.

కొట్టు ముసలాయన ఏమోస్ దాని నిండా నీళ్లు పోసి, మూతి బిగించి పిండాడు. అడుగున ఒకే ఒక్క చోట సన్నగా ధార.

“నేతలో తప్పు లేదమ్మా. కింద నుంచి ఏదో పొడిచింది. ఏదీ, ఆ బూటు విప్పండి.”

బూటు అడుగు నుంచి లోపలికి మేకు పొడుచుకు వచ్చి ఉంది. నా అరికాలికి చిల్లు. మూడు రోజులు దాని మీదే పెడలు తొక్కాను.

“నొప్పి తెలియలేదా తల్లీ?” అన్నాడాయన. తల అడ్డంగా ఊపాను.

అక్కా, క్యాన్సర్ మందులతో పాదాల్లో పోయిన స్పర్శ ఏడాదిలో తిరిగొచ్చిందని మీ అందరికీ చెప్పాను. రాలేదు. మూడేళ్లయింది. జబ్బు తగ్గిందని అందరూ అంత సంతోషంగా ఉంటే ఇంకా ఇది మిగిలిందని చెప్పబుద్ధి కాలేదు. భయం కూడా లేదు నాకు. అసలేమీ లేదు. మోకాళ్ల నొప్పులని చెప్పి సైకిలు అమ్మేస్తాను. డేల్‌కి తెలియనక్కర్లేదు.

నీ లోర్నా

పోర్ట్‌లాండ్, నవంబరు 24

అక్కా,

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. గాయమే నిలబెట్టుకోలేదు. చీము పట్టి, జ్వరం వచ్చి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. కాలు దక్కింది. డాక్టరు డేల్ ముందే అంతా చెప్పేసింది.

ఇంటికొచ్చాక ఆయన వంటింట్లో కోటైనా తియ్యకుండా నిలబడి అడిగాడు.

“ఆదివారాలు నీ పాదాలు నొక్కుతుంటే హాయిగా ఉందనేదానివి. రెండేళ్లు! ఎవరి కోసం నొక్కాను నేను?”

“నీ కోసం. నీకు సంతోషంగా ఉంటుందని.”

“నీకు దండం పెట్టి చెప్తున్నా, నన్నలా సంతోషపెట్టకు!” అని తలుపు విసిరికొట్టి వానలోకి పోయాడు. గంటకి పైగా రాలేదు. నేను కుర్చీలోంచి కదల్లేదు. లేచి పిలవాలని కూడా అనిపించలేదు.

తడిసి ముద్దయి వచ్చి సూపు వేడిచేశాడు. ఇద్దరం తిన్నాం. సైకిలు అమ్మొద్దన్నాడు. ఎక్కే ముందూ దిగాకా పాదాలు కళ్లతో చూసుకుంటే తొక్కొచ్చని డాక్టరు చెప్పిందట. “నువ్వు చూసుకో. తరవాత నేనూ చూస్తాను. నీ మాట నమ్మను ఇక,” అన్నాడు.

తరవాత బాగున్న కాలు ఒళ్లోకి తీసుకుని బొటనవేలు నొక్కాడు.

“తెలుస్తోందా?”

“లేదు.”

“ఇప్పుడో?”

“లేదు, డేల్.”

ఆయన ఆపలేదు. ఒక్కో వేలూ నొక్కుతూ, అడుగుతూ పోయాడు. నేను లేదంటూనే ఉన్నాను. చిటికెనవేలి దగ్గరికొచ్చేసరికి లేదనబోయి ఏడ్చేశాను.

లోర్నా