సోమి తిరిగిచ్చిన ఉప్పు

కొయ్యూరు, 1927 జనవరి, బుధవారం రాత్రి

మూడు రోజులు నిమ్మరసంలో నానేసరికి కోడిగుడ్డు పెంకు కరిగి పొర మిగిలింది. నిన్న మంచినీళ్లలో వేస్తే నీరు పీల్చి ఉబ్బింది. ఈ పొద్దున పిల్లల ముందు దాన్ని చిక్కటి ఉప్పునీళ్ల ముంతలో వేశాను. బడి విడిచేవేళకు లోపలి నీరు బయటికొచ్చి, గుడ్డు ముడతలు పడింది. పిల్లలు చప్పట్లు కొడతారనుకున్నాను. అందరి చూపూ ముంతలోని నీళ్ల మీదే ఉంది.

"ఆ ఉప్పునీళ్లు పారబోసేత్తారేటి, అయ్యోరూ?" అంది ముందు వరస గుంట సోమి.

సంతకు ఇంకా నాలుగు రోజులుంది. అంతవరకూ వీళ్ల ఇళ్లలో చప్పిడి అంబలే. అది తెలిసీ రెండు గుప్పెళ్ల ఉప్పు కలిపేశాను. సిగ్గుపడి ముంత సోమి చేతికిచ్చాను.

దీపాలవేళ ఆకుదొన్నెలో తెల్లటి ఉప్పుతో తిరిగొచ్చింది.

"అమ్మ మరగబెట్టింది. నీళ్లు ఎలిపోనాయి, ఉప్పు ఉండిపోనాది."

"మీ ఇంటికే ఉంచుకో, అమ్మా."

"బడిది కదా!" అని దొన్నె నా చేతిలో పెట్టి పరుగెత్తింది.

నేను సగం చెప్పి వదిలేసిన పాఠాన్ని వాళ్లమ్మ పొయ్యి మీద పూర్తి చేసింది. వీళ్ల మధ్యకు నన్ను పంపినందుకు ప్రభువుకు ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు. ఇన్నాళ్లూ తెలియక ఇంకేమేం పారబోశానో...

ఈ రాత్రి నా గంజిలో ఉప్పు వేసుకోలేదు.