డిన్స్‌మోర్ అమ్మగారి మోకాలి దిండ్లు

వెర్మాంట్,
మార్చి 4, 1974

గౌరవనీయులైన శ్రీమతి హొరేస్ డిన్స్‌మోర్ గారికి వందనాలు.

మన సెయింట్ బార్నబస్ చర్చి చరిత్ర రాయమని కొత్త ఫాదర్ నాకు పురమాయించారు. గడియారాలు బాగుచేసేవాడికి చరిత్రెందుకయ్యా అంటే, పాతవి విప్పే అలవాటుంది కదా అన్నారు. ఆయన గడియారం నేను విప్పి చాలాకాలమైనా ఇంకా బిగించలేదు, ఆ సంగతి వేరు.

నేనీ ఊరొచ్చేసరికే మీరు మీ చెల్లెలి ఊరు వెళ్లిపోయారట. కాని మోకరించే దిండ్ల మీద, ఏళ్లతో సహా మీ పేరు చూసి చర్చి పుస్తకాలు తిరగేశాను. 1902లో దొర్కా కుట్టుసంఘం పెట్టింది శ్రీమతి హొరేస్ డిన్స్‌మోర్. 1921లో అక్కడ పేకాట పాపమని మాన్పించింది శ్రీమతి హొరేస్ డిన్స్‌మోర్. 1948లో మార్త వంటసంఘం పెట్టి, వంటగదిలో మళ్లీ పేకాట మొదలెట్టింది కూడా శ్రీమతి హొరేస్ డిన్స్‌మోరే. మనసు మార్చుకునే ధైర్యం ఎందరికుంటుంది?

జూన్‌లో వంటగదికి మీ పేరు పెడుతున్నాం. తప్పక రావాలి.

విధేయుడు,
ఆల్డెన్ ట్రెడ్‌వే

తా.క. మెట్ల పక్కన చక్రాల కుర్చీకి బాట వేయిస్తున్నాం.

*

ట్రెడ్‌వే గారికి,

చక్రాల కుర్చీ ఎవరికండీ? నాకు డెబ్భై. నిన్న కప్పెక్కి నేనే రేకు బిగించాను. ఆ 1902 దిండు నాది కాదు. పేకాట మాన్పించింది నేను కాదు. 1948 ఒక్కటే నాది. సరిచూసుకోండి.

ఇట్లు,
ఓపల్ డిన్స్‌మోర్

తా.క. పేకాటలో మీ పాత ఫాదర్ దొంగాట ఆడేవాడు. అది చరిత్రలో రాయండి.

*

మహా వినయశీలి అయిన అమ్మగారికి,

చేసిన మంచిని కూడా కాదంటారా? ఫాదర్‌కి మీ ఉత్తరం చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నారు. వయసు మాత్రం దాచుకోకండి. 1902లో దిండు కుట్టినావిడకి ఇప్పుడు డెబ్భై అంటే, పుట్టకముందే సూది పట్టారనుకోవాలి. మా ఆవిడ లెనోరా, దేవుడు ఆమె ఆత్మకు శాంతినివ్వాలి, తన వయసు తగ్గించే చెప్పేది, కాని ఇంత ధారాళంగా కాదు.

మిమ్మల్ని మోసుకురావడానికి బలమైన మనుషుల్ని సిద్ధం చేశాం. 'శ్రీమతి హొరేస్ డిన్స్‌మోర్ వంటగది' అని బోర్డు చెక్కడం మొదలైంది.

విధేయుడు,
ఆల్డెన్

తా.క. విందులో కోడిమాంసం కూరి కాల్చిన 'చికెన్ పై' ఉంటుంది, మీ వాటా మెత్తగా రుబ్బి పెట్టమన్నారు డాక్టరుగారు.

*

ట్రెడ్‌వే గారూ,

ఆ చెక్కడం ఆపండి. ఆపకపోతే వచ్చి ఆ బోర్డు నేనే పీకేస్తాను, ఎవరూ మోయక్కర్లేదు.

హొరేస్ మూడు పెళ్లిళ్లు చేసుకున్నాడయ్యా. మొదటావిడ దొర్కా సంఘం పెట్టి, జ్వరంతో పోయింది. రెండో ఆవిడ పేకాట మాన్పించి, పాపం, గుండె ఆగి పోయింది. మూడోదాన్ని నేను. అప్పట్లో దిండు మీద మొగుడి పేరే కుట్టాలని నియమం. ఇప్పుడు మీరు ముగ్గురినీ ఒకే పేరు కింద పూడ్చేస్తున్నారు. దిండు కుట్టినదాన్ని నేను, నాకో పేరుంది. ఆ ఇద్దరికీ ఉండేవి. అవి తలుపు మీదకి రాకపోతే నేనూ రాను.

ఓపల్

తా.క. వాళ్ల పేర్లు కావాలంటే దిండ్లు తిరగేయండి. మగవాళ్లు మోకరిస్తారు గాని, దిండెత్తి దులిపిన పాపాన పోరు.

*

ఓపల్ గారికి,

క్షమించండి. తిరగేశాను. అడుగున, గుడ్డ రంగు దారంతోనే, 'ఫిలీనా'. రెండోదానికి 'ఆగస్టా, ఇక్కడ పేకాట లేదు'. మీదానికి 'ఓపల్, ఇప్పుడుంది'. ఫాదర్ ఈసారి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

కొత్త బోర్డు తలుపెక్కింది: 'ఫిలీనా, ఆగస్టా, ఓపల్‌ల వంటగది'. మీవారి పేరుకి చోటు చాలలేదు. రండి, కారు మీరే నడుపుకుని. మీ చికెన్ పై రుబ్బం. పేకముక్కలు నేను తెస్తాను.

మీ ఆల్డెన్

తా.క. ఊరికే ఉండలేక మా వరసలో నేను మోకరించే దిండు కూడా తిరగేశాను. పైన 'శ్రీమతి ఆల్డెన్ ట్రెడ్‌వే' అని ఉంటుంది. ఇన్నేళ్లూ అది నా పేరే కదా అనుకుని దర్జాగా మోకాళ్లు ఆనించాను. అడుగున ఇలా ఉంది: 'లెనోరా. నీ మోకాళ్ల కోసం దూది ఎక్కువ కూరాను. ప్రార్థనలో నిద్రపోకు.'