జీపుతో వచ్చిన దీపం

మే 12
పికప్ ప్రాణం వదిలింది. తేనెపెట్టెలన్నీ ఇంకా కిందే ఉన్నాయి. ఈ అదను దాటితే కొండమీద ఫిర్ చెట్ల తేనె దొరకదు. తమ్ముడు స్టెర్యోస్ చిన్న కార్లు చూపిస్తున్నాడు. ట్రైలర్ లాగుతూ ఆ రాళ్ళదారి ఎక్కాలంటే గట్టి ఛాసిస్ ఉన్న పాత జీపే కావాలిరా అన్నాను. నీకు జీపెందుకక్కా, గాడిదను కొనుక్కో అన్నాడు.

మే 15
కింది ఊళ్ళో పరస్కెవాస్ గారి జీపు చూశాం. ముసలాయన ఏథెన్స్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. కిందికి దూరి ఛాసిస్ పొడుగునా సుత్తితో కొట్టి చూశాను. తుప్పు లేదు. ముందు బంపర్ మాత్రం కొత్తది. రాయి తగిలిందమ్మా అన్నాడు.

ఒకటే షరతు. పైకి వెళ్ళినప్పుడల్లా క్రియోనేరి మలుపులో, రోడ్డు పక్కన ఉన్న బుల్లి గుడిలో దీపానికి నూనె పోయాలట. సరేనన్నాను. చావు తప్పినవాళ్ళు అక్కడే అలాంటి గుడి కట్టించడం మా వైపు మామూలే. పాపం, ఈయన అక్కడ బతికి బయటపడ్డాడనుకున్నాను.

మే 19
తక్కువ గేర్‌లో జీపు ఏనుగులా కొండెక్కింది. ఒక్క పెట్టె కదల్లేదు. నూనె పోశాను. ఎన్నాళ్ళకో హాయిగా ఉంది.

మే 27
గుడిలో మసి తుడుద్దామని దేవుడి పటం జరిపితే వెనక ఒక కుర్రాడి ఫొటో. చచ్చినచోట కూడా గుడి కడతారని నాకు తెలీదా? తెలుసు. తట్టలేదు.

అంతలో నల్లబట్టల్లో ఒక పెద్దావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. పేరు ఫ్రోసో. నూనె పోస్తున్నది నువ్వా తల్లీ అంటూ నా చేతులు ముద్దుపెట్టుకుంది. మోకాళ్ళు పోయి తను రోజూ రాలేకపోతోందట. ఎవరో పుణ్యాత్ములు దీపం ఆరనివ్వట్లేదు, ఎవరో తెలీకుండానే ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టుకున్నానే అంది. నా కొడుకు లాంబిస్‌ని గుద్దినవాడు బండైనా ఆపలేదమ్మా అంది. నా వెనకే జీపు.

అదే రోజు, సాయంత్రం
పరస్కెవాస్‌కి ఫోన్ చేశాను. ఆ రాయి పేరు లాంబిస్ కదా అన్నాను. ఇవాళ నూనె పోశావా అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

మే 29
చెప్పామంటే పోలీసులు జీపు తీసుకుపోతారు, పెట్టెలు కొండమీదే ఉండిపోతాయి, ఏడాది ఏం తింటామక్కా అని స్టెర్యోస్ గొడవ. నిజమే. కానీ ఆ మలుపు వస్తే నాకు తెలియకుండానే బ్రేక్ మీద కాలు పడుతోంది, ఎవరో అడ్డం వచ్చినట్టు. భయమేస్తోంది. ఆవిడ ముద్దుపెట్టిన చేతులతో రొట్టె తినబుద్ధి కావడం లేదు.

మే 30
నిద్ర లేదు.

జూన్ 1
ఫ్రోసో ఇంటి ముందు జీపు ఆపి అంతా చెప్పేశాను. ఏడవలేదు, తిట్టలేదు. ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చెయ్యమంది. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని విన్నది. మావాడు ఆఖరున విన్నది ఇదేనా అంది.

ఆపేశాను.

మళ్ళీ స్టార్ట్ చెయ్యమంది.