ఒకటో వరుసలో నర్సవ్వ

మే 2, 2020. ఉదయం 9.

శపథం: ఈ రోజు నుంచి కాగితం ముట్టను!

లాక్‌డౌన్‌తో నెలన్నరగా మగ్గాలు బంద్. లింబాయత్‌లోని మన వలస తెలుగువాళ్ళంతా సొంతూరు సిరిసిల్లకు పోతామంటున్నారు. ఒక్క బస్సు, ముప్పై సీట్లు. ఎనిమిదో తేదీ పదకొండు గంటలకల్లా పేర్ల లిస్టు కలెక్టర్ ఆఫీసులో ఇస్తేనే ప్రయాణం పాసు. లిస్టు పని నాది.

మన సమాజం అధ్యక్షుడు లక్ష్మీరాజం కాక గీతల నోటుబుక్కు తీశాడు. ఈ కాలంలో నోటుబుక్కు! పరాయి కంపెనీల ఉచిత పట్టికలూ నాకొద్దు. మన ఆధార్ నంబర్లు వాళ్ళకెందుకు? ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. దాన్నే సర్వర్ చేసి, సొంత ఆన్‌లైన్ పట్టికల సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తా. అందరూ ఎవరి ఫోన్లో వాళ్ళు, ఒకే పట్టికలో రాసుకోవచ్చు. సలాబత్‌పురాలో చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసిన ఈ శివకృష్ణకు ఇదో లెక్కా?

మే 3. సాయంత్రం 4.

ఎక్కింది! మొదటి పేరు పక్కింటి నర్సవ్వది. నూలు కండెలు చుట్టే ముసలమ్మ, ఫోన్ లేదు.

"నా బిడ్డకు తొలి కాన్పు కొడుకా. ఈ నెలల్నే. నేను లేకుంటె ఎవలు జూస్తరు? నా పేరు మర్వకు."

"ఒకటో నంబరు నీదే అవ్వా" అని ఒట్టేశాను.

మే 4.

11:00. లింకు పంపాను.

11:20. పద్నాలుగు మంది! తెర నిండా రంగురంగుల పేర్లు. నా గుండె ఉప్పొంగింది.

11:30. కాక ఫోన్. "ఏందిరా ఇది? నా పేరు నా కండ్ల ముంగటనే కిందికి వోతున్నది!"

సంగతి అర్థమైంది. కార్ఖానా హాజరు బుక్కులో పైన ఉన్నవాడికే మంచి మగ్గం దొరుకుతుంది. ఆ అలవాటుతో ప్రతివాడూ తన పేరు పైకి జరుపుకుంటున్నాడు. మధ్యలో ఎవరి పేరు ఎగిరిపోయినా పట్టింపు లేదు. ఛీ, ఏం మనుషులు!

11:42. పరీక్ష కోసం నా పేరూ నా భార్య నవత పేరూ కింది నుంచి తీసి పైన అతికించాను. టకీమని ఒకటో, రెండో వరుసల్లో కూర్చున్నాయి. భేష్!

మే 5.

సర్వర్ మూడుసార్లు పడిపోయింది. తప్పు నాది కాదు. నవత మిక్సీ వేసినప్పుడల్లా కరెంటు పోతోంది.

"పచ్చడి నూరకుంట నీ డబ్బాకు దండం పెట్టుకుంట కూసోవాల్నా?" అంది. సాంకేతిక జ్ఞానం శూన్యం.

మే 6.

ఏడో ప్రయాణికుడి పేరు: "హాయ్, తిన్నవా?" చాటింగ్ అనుకుని పరమేశ్వర్ రాశాడట. అంబదాస్ అయితే తన ఇంట్లో ఐదుగురినీ ఒకే గడిలో కుక్కేశాడు. వీళ్ళకు సర్వర్ ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ!

మే 7.

ఎండ మండుతోంది. కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. టేబుల్ ఫ్యాన్ దానికి పెట్టాను. మేము విసనకర్రతో.

కాక: "నోటుబుక్కుల గూడ జర రాస్తనురా."

నేను: "అక్కర్లేదు కాకా. కాలం మారింది."

మే 8.

10:15. సర్వర్ లేచింది! ముప్పై పేర్లు లెక్కపెట్టాను. చదివే తీరిక ఎక్కడిది? ప్రింటు కొట్టించాను.

10:55. ఆఫీసులో ఇచ్చేశాను. కాక నోటుబుక్కు ఖాళీ! తిరిగొస్తూ ఈల వేశాను.

మే 10.

ఉదయం 6. బస్సు దగ్గర పోలీసు లిస్టు చదివాడు. మొదటి పేరు నాది. రెండోది నవతది. ముప్పై అయ్యాయి. చంకలో సంచి, సంచిలో పసిపాప కోసం ఉతికిన పాత చీర గుడ్డలు పెట్టుకుని నర్సవ్వ అలాగే నిలబడింది.

"నా పేరు సద్వలేదేంది కొడుకా?"

పోలీసు కాళ్ళావేళ్ళా పడ్డాను. పాసులో పేరు లేనిదే ఎక్కనివ్వడట. మా సీటు ఇస్తామన్నా ఒప్పుకోలేదు. అప్పటికే ఎక్కిన నవత బస్సు దిగింది.

"అవ్వను ఇడిసిపెట్టి నేను రాను. నువ్వు వోతె వో."

నేనూ ఆగిపోయాను. రెండు సీట్లు ఖాళీగా వెళ్ళాయి.

8:00. ఏ వెధవ చెరిపాడో పట్టుకుని కడిగేద్దామని సర్వర్లో మార్పుల చరిత్ర తీశాను.

మే 4, 11:42. ఒకటో వరుస. పాత పేరు: నర్సవ్వ. మార్చినవారు: శివకృష్ణ.

సిగ్గుతో చచ్చిపోయాను.

మే 14.

సిరిసిల్ల నుంచి నా ఫోన్‌కే కబురు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఎవరో పొరుగావిడ దగ్గరుండి చూసుకుందట. నర్సవ్వ ఫోన్ చెవికి ఆనించుకుని పాప ఏడుపు వింటూ ఎంతసేపో కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫోన్ తిరిగిస్తూ అడిగింది: "ఇప్పుడన్న ఉన్నదా నీ డబ్బాల నా పేరు?"

మే 15. ఉదయం 9.

ఇరవై రెండో తేదీకి రెండో బస్సు. కాక దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు అడిగాను. ఆయన నవ్వలేదు, పెన్ను కూడా ఇచ్చాడు. చేత్తో రాశాను: 1. నర్సవ్వ.

శపథం: మళ్ళీ మొదలు! సర్వర్ కొత్తగా ఎక్కించాను. ఒకటో వరుసకు తాళం వేశాను. ఈసారి నేను కూడా మార్చలేను.

9:20. నవత మిక్సీ వేసింది. సర్వర్ పోయింది.

నోటుబుక్కు తెరిచి చూశాను. నర్సవ్వ ఉంది.