కళ్ళు పోతాయన్న మాట

ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కి బతికిన మద్దిలేటి ఆచారి అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయించిన వీలునామా ఇది. నాకు చూపు లేదు. బుద్ధి మాత్రం స్థిరంగానే ఉంది. నమ్మనివాళ్ళు వచ్చి రెండు మాటలు మాట్లాడి చూసుకోవచ్చు.

1. ఊరి బయట ఉన్న మెట్ట పొలం, నా తదనంతరం, నంద్యాలలో కాపురమున్న నా కూతురు శివమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతా ఆమెదే.

2. నా బావమరిది బాలస్వామి అహోబిలంలో పని ఉందని పట్టుకుపోయిన పెద్ద గడ్డపార నాది. అడిగి అడిగి నోరు నొచ్చింది. దాన్ని అతనికే రాసిస్తున్నాను. ఇప్పటికైనా అది న్యాయంగా అతనిదవుతుంది.

3. ఇల్లు, రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే కొట్టం నా కొడుకు ఆదినారాయణకు. కొట్టానికి ఒక షరతు. ఏ విగ్రహమైనా అప్పగించేముందు, చేయించుకున్నవాళ్ళ ఎదుటే సుత్తితో తట్టి మోగించాలి. మా పెద్దల నాటి పద్ధతి ఇది. నెర్రె ఉన్న రాయి బొంగురుగా పలుకుతుంది, అది పూజకు పనికిరాదు. ఈ పద్ధతి మానితే కొట్టం శివమ్మకు పోతుంది.

కారణం కూడా రాయిస్తున్నాను. నిరుడు బండి ఆత్మకూరు దగ్గరి ఒక ఊరివాళ్ళకు ఆంజనేయస్వామిని చెక్కుతుండగా మోకాలి దగ్గర నెర్రె పడింది. ఆదినారాయణ లక్కలో రాతిపొడి కలిపి పూసేశాడు. నేను జ్వరంతో మంచం మీద ఉండి అడిగితే, "తట్టినా నాయనా, గంట మాదిరి మోగింది" అన్నాడు. అతని కూతురు అరుణకుమారి ఆ పూత పూయడం చూసింది. చూసి కూడా నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం నాకు జావ తెచ్చి, "జేజినాయనా, నువ్వేం అబద్ధం చెప్తే నీ కండ్లు పోయినాయి?" అని అడిగింది. నేను నవ్వాను. "మా నాయన కండ్లు గూడా పోతాయా?" అంటూ ఏడ్చింది.

అబద్ధం చెప్తే కళ్ళు పోతాయని మా కొట్టంలో పిల్లలందరికీ చెప్పేది నేనే. నిజం చెప్పించాలని చెప్పిన మాటే, నాయన అబద్ధం బయటపడితే ఆయన కళ్ళు పోతాయన్న భయం పెట్టి, ఆ పిల్ల నోరు కట్టేసింది. నా కుడికన్ను రాతిపెళ్ళ తగిలి పోయిందని, ఎడమది నీటికాసుల జబ్బుతో పోయిందని, అబద్ధానికి ఎవరి కళ్ళూ పోవని చెప్పాను. అప్పుడు పూత సంగతి చెప్పింది. ఆదినారాయణ చేతనే ఆ ఊరివాళ్ళకు చెప్పించాను. నా కొడుకు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఊరివాళ్ళు మాత్రం ఇంకో విగ్రహం మాకే చెప్పిపోయారు.

4. ఇక మీదట నా ఇంట్లో పిల్లలకు ఆ మాట చెప్పరాదు. అబద్ధమాడితే ఇంకోసారి ఎవరూ నమ్మరని చెప్పండి. అది చాలు, పైగా అది నిజం.

5. దేవుడికి కళ్ళు తెరిచే నా సన్న ఉలి అరుణకుమారికి. ఆడపిల్లకు ఉలెందుకు అనేవాళ్ళు అనుకోనీ.

దస్తావేజు రాసినాయన పైదంతా చదివి వినిపించారు. నేను తృప్తిపడక అరుణకుమారి చేత మళ్ళీ చదివించుకున్నాను. వాళ్ళ నాయన పక్కనే కూర్చుని ఉన్నాడు. లక్క సంగతి వచ్చినా ఆగలేదు. ఒక్క మాట కూడా వదలకుండా చదివింది. ఆ పిల్ల చెయ్యి పట్టి చూపిన చోటే వేలిముద్ర వేస్తున్నాను.

ఆళ్ళగడ్డ, 20 ఫిబ్రవరి 1984

మద్దిలేటి ఆచారి, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
జకరయ్య, బడిపంతులు
గురవయ్య, పక్కింటి కాపురస్థుడు