బండెక్కిన రసాలు

ఏమండీ,

ఈ వేసవిలో పెట్రోలు మళ్లీ బంగారమైంది. సర్కారు కూపన్ల మీద దొరికేది చాలక, దొంగబజారు ధరకు కొనలేక, మన తోట కాయలు కొనే షావుకారు లారీ నిలిపేశాడు. కిందటి వారం మన గుమ్మంలోకొచ్చి, "అమ్మా, అయ్యగారి ఎడ్లబండి ఇంకా ఉందాండీ?" అన్నాడు. మీరు పోయాక కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ బండిని కడిగించాను.

బండికైతే మామిడికాయలు పచ్చిగానే కోయాలనేవారు మీరు. మీ తమ్ముడు లారీ అలవాటుకొద్దీ దోరకాయలు కోయించాడు. ఎడ్ల నడకకి బెజవాడ చేరేసరికి ఎండుగడ్డిలో రసాలన్నీ మెత్తబడిపోయాయి. దారి పొడవునా ఆ వాసనేనట. షావుకారు తల పట్టుకున్నాడట.

ఈ సాయంత్రం ఖాళీ బండి ఆ వాసనతోనే తిరిగొచ్చింది. చక్రాల చప్పుడు వినగానే లేచి, మీరు కాళ్లు కడుక్కోవడానికి గుమ్మంలో చెంబుతో నీళ్లు పెట్టాను.