విప్పి కుట్టిన లింకులు

ప్రియమైన చీమకు,

బాగున్నావా? కళ్లద్దాల కార్ఖానాలో నీకు కిటికీ పక్క బల్ల ఇచ్చారట, మీ అన్నయ్య చెప్పాడు. ఆయన కులాసాగానే ఉన్నాడు. నిన్న చొక్కా గుండీ తనే కుట్టుకుంటానని కూర్చుని, పనిలో పనిగా జేబు కూడా మూసేశాడు.

ఫోన్లో అడగలేని సంగతి కనుక రాస్తున్నాను. భుజం నొప్పితో టైలర్ షాపు మూసేశాక నన్ను నిలబెట్టింది నా వెబ్‌సైటే. ఏ కుట్టుమిషన్ ఎవరికి పనికొస్తుందో వాడి చూసి రాస్తాను. నా లింకు నొక్కి ఎవరైనా కొంటే దుకాణంవాళ్లు నాకు కమీషన్ ఇస్తారు. చదివేవాళ్లలో ముప్పాతిక మంది నాకు కుట్టు నేర్పిన టీచరమ్మ వల్లే వస్తారు. ప్రతి శనివారం ఆవిడ తన పాత శిష్యురాళ్లందరికీ ఈమెయిల్లో ఓ ఉత్తరం పంపుతుంది, చివర్లో నా లింకు పెడుతుంది. ఈ సంగతి పోటీవాళ్లకు తెలిస్తే ఆవిడ గుమ్మం ముందు వరస కడతారని ఎవరికీ చెప్పలేదు, నీకు తప్ప.

నెల రోజులుగా ఆ ఉత్తరంలో నా లింకు లేదు. దాని చోట ఎవరిదో కొత్త సైటు. నా పేజీలు చూసేవాళ్లు పల్చబడిపోయారు. ఇలాగే సాగితే మళ్లీ మిషన్ తొక్కాలి, భుజం ఒప్పుకోదు. నువ్వు ఎవరితోనైనా మాటవరసకు అన్నావా? తప్పుపట్టడం లేదు, నోరు జారడం ఎవరికైనా జరుగుతుంది. నిజం చెప్పు, చాలు.

నీ వదిన


ప్రియమైన వదినకు,

చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. వెంటనే రాస్తే ఘాటుగా రాస్తానని ఆగాను. తప్పుపట్టడం లేదంటూనే పట్టావు. నేను మొదటి ఉద్యోగానికి వెళ్లే రోజు షాపులో పనులన్నీ పక్కన పడేసి నాకు కోటు కుట్టిచ్చిన మనిషివి. నీ గుట్టు నేను బయట పెడతానా?

కోపం చల్లారాక నీ సైటు తెరిచాను. టీచరమ్మ పంపేవాళ్లు చూసే పేజీలో లింకు మీద మౌస్ పెడితే దాని పూర్తి చిరునామా కనిపిస్తుంది. చివర్న 'టీచరమ్మ-శనివారం' అని ఉంది. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో తెలియడానికి నువ్వే పెట్టుకుని ఉంటావు. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో ఆ తలుపు మీదే రాసిపెట్టావన్నమాట. ఎవరికైనా తెలియాలంటే నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ఇరవై లింకులు నొక్కి చూశాను. ఆరు ఎక్కడికీ వెళ్లలేదు. సైటు పాస్‌వర్డు పంపు. భోజనాల వేళ ఒక్కొక్కటే చూస్తాను. అద్దంలో వెంట్రుకంత గీత పట్టుకోవడమే కదా నా పని.

టీచరమ్మ ఇల్లు నీకు రెండు వీధుల అవతలే. నన్ను అడిగే బదులు ఆవిడనే అడగొచ్చుగా?

అలిగినా నీదే అయిన,
చీమ


ప్రియమైన అర్ధమొగుడికి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. కాగితం నిండా చీవాట్లు పెట్టి, చివర్లో పని నెత్తిన వేసుకున్నావు. పాస్‌వర్డు విడిగా పంపాను. నిన్ను అలా అడిగినందుకు సిగ్గుగా ఉంది.

టీచరమ్మ దగ్గరికి బయలుదేరాను. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. నీ రాతలు బాగుండటం లేదమ్మా అని ఆవిడ అంటే తట్టుకోలేను.

నీ పిరికి వదిన


ప్రియమైన వదినకు,

మూడు వారాలు పట్టింది. మొత్తం మూడొందల పన్నెండు లింకులు. ఇప్పుడు ప్రతి లింకూ ముందు నీ సైటులోనే ఓ చిన్న చిరునామాకి వెళ్తుంది, అక్కణ్నుంచి దుకాణానికి. చిరునామాలన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి. దుకాణం పేజీ మారితే అక్కడ ఒక్కచోట మారిస్తే చాలు, అన్ని వ్యాసాల్లోనూ మారుతుంది. లింకుల చివర నువ్వు పెట్టుకున్న పేర్లు తీసేసి అంకెలు పెట్టాను. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం నీ దగ్గరే ఉంచుకో.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. దళసరి బట్టకి భేషైనదని నువ్వు మెచ్చుకున్న మిషన్ ఉందే, దాన్ని దుకాణంవాళ్లు ఆపేసి, అదే పేజీలో ఇంకో చవక మిషన్ పెట్టారు. రంగు ఒకటే, పనితనం వేరు. సూదులు విరుగుతున్నాయని కింద జనం మొత్తుకుంటున్నారు. నాలుగు నెలలుగా నీ మాట నమ్మి కొన్నవాళ్లకి ఇదే వెళ్తోంది. చచ్చిన లింకే నయం వదినా, దాంతో ఎవరూ ఏమీ కొనరు. ఇది బతికే ఉంది.

ఆ లింకు ఆపేశాను. ఇక టీచరమ్మ దగ్గరికి వెళ్లు.

నీ చీమ


ప్రియమైన చీమకు,

నీ ఉత్తరం చదివి చెప్పులేసుకున్నాను. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు.

టీచరమ్మ బట్ట కత్తిరిస్తోంది. "ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అంది. నేను చెప్పులు విప్పుతూనే, "మీ ఉత్తరంలో వాళ్ల లింకు పెట్టమని ఎవరైనా వచ్చి అడిగారా టీచర్?" అన్నాను.

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "ఎవరూ రాలేదమ్మా. నేనే తీసేశాను."

సంచులు కుట్టుకునే శిష్యురాలొకామె నా లింకు నొక్కి ఆ మిషనే కొన్నదట. మూడో రోజు సూది విరిగి ముక్క ఎగిరి కంటి కింద తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

"నేను చెప్పానని నీ రాత నమ్మింది. ముందు ఆ దారి మూయాలి కదా? నీకు చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. భుజం పట్టేసినా ఒక్కతే అంత పని చేసుకుంటోంది, ఏ నోటితో చెప్పను అనుకుని పెట్టేసేదాన్ని."

ఆ కొత్త సైటు ఈ సంచులామెదే. ఇంకొకరికి ఇలా జరగకూడదని మొదలుపెట్టిందట. చీమా, టీచరమ్మని పోటీవాళ్ల నుంచి కాపాడుకుంటున్నానని మురిసిపోయాను. ఆవిడ తన పిల్లల్ని నా నుంచి కాపాడుకుంటోంది.

మర్నాడు నా మిషన్ ఆటోలో ఎక్కించుకుని ఆమె ఇంటికి వెళ్లాను. పెద్దగా వాడటం లేదు, ఉంచుకోమన్నాను. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "రావడానికి భయం వేయలేదా అక్కా?" అంది. "వేసింది," అన్నాను. అప్పుడు పక్కకి జరిగి దారిచ్చింది.

ఎవరెవరు కొన్నారో నాకు తెలియదు కనుక జరిగిందంతా సైటు మొదటి పేజీలో పైనే రాశాను, ఆ మిషన్ వాడొద్దని. టీచరమ్మ ఈ శనివారం ఉత్తరంలో ఆ పేజీ లింకే పెట్టింది, పక్కన సంచులామె లింకు కూడా. ఎవరినీ దాచే పని లేకపోయేసరికి గుండె ఎంత తేలికైందో చెప్పలేను.

ఆ రోజు టీచరమ్మ ఇంటి నుంచి వచ్చేముందు అడిగాను, "నా మీద కోపం రాలేదా టీచర్?"

"నీ మొదటి చొక్కాకి కుడిచెయ్యి ఎడమ వైపు కుట్టావు. అప్పుడేమన్నాను?"

"విప్పి కుట్టుకోమన్నారు."

"ఇప్పుడూ అంతే."

ఆవిడ ఆ మాట అనేసరికే మూడొందల పన్నెండూ విప్పి కుట్టి నా చేతిలో పెట్టినదానివి నువ్వు. అదీ, నిన్ను దొంగలా నిలబెట్టి అడిగాక. అలాంటి ఆడపడుచుని ఇచ్చినందుకు మీ అన్నయ్య మూసేసిన జేబులు ఎన్నయినా ఈ జన్మంతా విప్పిపెడతాను.

కృతజ్ఞతతో,
నీ వదిన